కట్టు విప్పే తొందరలో కూలిన జీవితం: ఎలీనా ముఖినా

1978లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ప్రపంచ జిమ్నాస్టిక్స్ పోటీలు జరిగాయి. అప్పటికి ఒక్క ఒలింపిక్స్‌లోనూ ఆడని పద్దెనిమిదేళ్ల మాస్కో అమ్మాయి అందులో ఆల్‌రౌండ్ విజేతగా నిలిచింది. నాదియా కొమనేచి, నెల్లీ కిమ్ లాంటి ఒలింపిక్ విజేతలు కూడా ఆమె వెనకే మిగిలారు. మూడు స్వర్ణాలు, రెండు రజతాలతో ఇంటికి వెళ్లిన ఆ అమ్మాయి పేరు ఎలీనా ముఖినా.

ఎలీనా 1960 జూన్ 1న పుట్టింది. చాలా చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుంది. అమ్మమ్మ అన్నా ఇవనోవ్నాయే పెంచి పెద్ద చేసింది. మాస్కోలోని సైన్యం వారి క్రీడా క్లబ్‌లో మిఖాయిల్ క్లిమెంకో దగ్గర శిక్షణ. ఆయన చాలా గట్టి కోచ్. ఎవరూ చేయని కష్టమైన విన్యాసాలు చేస్తేనే పతకాలు వస్తాయన్నది ఆయన పద్ధతి. ఎలీనా నెమ్మదస్తురాలు. కాదనడం తెలియని పిల్ల. నొప్పి ఉన్నా సాధన మానేది కాదు.

1979లో ఆమె కాలు విరిగింది. ఆ ఏడాది అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్లలేకపోయింది. జట్టు స్వర్ణం రుమేనియా ఎత్తుకుపోయింది. మరుసటి ఏడాదే మాస్కోలో ఒలింపిక్స్. సొంతగడ్డ మీద ఓడకూడదన్న పట్టుదల సోవియట్ అధికారులది. ఎలీనా వెంటనే తిరిగి రావాలని ఒత్తిడి మొదలైంది. ఎముక సరిగ్గా అతకకముందే కట్టు విప్పించారు. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కాలికి కట్టు ఉండగానే సాధన చేయించారని, పెరిగిన బరువు తగ్గడానికి పరుగెత్తాల్సి వచ్చిందని ఆమె తర్వాతి కాలంలో బయటపెట్టింది.

జిమ్నాస్ట్‌కు కాలు, చీలమండ అంటే పునాది. నేలను తన్ని పైకి లేవాలన్నా, కిందికి దిగినప్పుడు ఆ బరువంతా మోయాలన్నా అవే దిక్కు. కాలిలో బలం లేకపోతే గాల్లో కావలసిన ఎత్తు రాదు. ఎత్తు తక్కువైతే శరీరం పూర్తిగా తిరగదు. అయినా ఆమె ఫ్లోర్ ప్రదర్శనలో థామస్ సాల్టోను చేర్చారు. అమెరికా ఆటగాడు కర్ట్ థామస్ పేరున్న ఈ విన్యాసం మగవాళ్లు చేసేది. గాల్లో వెనక్కి పల్టీ కొడుతూ, మెలి తిరుగుతూ, చివరికి కాళ్ల మీద కాకుండా ముందుకు దొర్లుతూ దిగాలి. కొంచెం తేడా వచ్చినా మెడ మీద పడిపోవడమే. ఇది ప్రమాదమని, మెడ విరుగుతుందని ఎలీనా కోచ్‌కు పలుమార్లు చెప్పింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

1980 జూలై 3. ఒలింపిక్స్‌కు ఇంకా పదహారు రోజులే ఉంది. మిన్స్క్‌లో సాధన చేస్తుండగా పల్టీ పూర్తికాలేదు. గడ్డం నేలకు కొట్టుకుంది. మెడ ఎముక విరిగి, మెడ కింది భాగమంతా చచ్చుబడిపోయింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు.

అసలేం జరిగిందో అధికారులు చాలాకాలం బయటకు పొక్కనివ్వలేదు. ఒలింపిక్స్ ఆమె లేకుండానే జరిగిపోయాయి, జట్టు స్వర్ణమూ గెలిచింది. ఇంట్లో మంచాన పడిన ఎలీనాకు సేవ చేసింది మళ్లీ ఆ అమ్మమ్మే. 1980ల చివర్లో ఆమె నోరు విప్పింది. పిల్లల ప్రాణాల కంటే పతకాలను ఎక్కువగా చూసిన వ్యవస్థను తప్పుపట్టింది. కాదనలేకపోయిన తన తప్పును కూడా దాచుకోలేదు. ఇరవై ఆరేళ్లు అలాగే గడిపి, 2006 డిసెంబర్ 22న కన్నుమూసింది.

థామస్ సాల్టోను ఆ తర్వాత మహిళల పోటీల్లో నిషేధించారు. అలా దొర్లుతూ దిగే పల్టీలను 2017 నుంచి మగవాళ్ల పోటీల్లోనూ ఆపేశారు. ఎలీనా ఆ ప్రమాదం గురించి ముందే హెచ్చరించింది. విరిగిన ఎముక అతకడానికి పట్టే కాలాన్ని ఏ కోచ్ తొందరా, ఏ దేశ గౌరవమూ తగ్గించలేవు. ఆటలు నేర్చుకునే పిల్ల ఉన్న ప్రతి ఇల్లూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒక్కటే: నొప్పిగా ఉందని పిల్ల చెప్పినప్పుడు, ముందు ఆ మాట వినాలి.