పెద్దవాళ్ళ సేవకు చేతులెక్కడివి? – దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం

సౌదీలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ముందు ఇఖామా సంగతి, తరవాత పిల్లల చదువు, ఆ తరవాత ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఆరోగ్యం మాట్లాడుకుంటారు. 40 దాటినవాళ్ళయితే ఈ వరస తిరగబడుతుంది. అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చుకుందామంటే విజిట్ వీసా మీద కొన్నాళ్ళే. 2017 జులై నుంచి కుటుంబ సభ్యుల మీద నెలనెలా ఫీజు కూడా మొదలయ్యాక చాలామంది భార్యాపిల్లలనే వెనక్కి పంపేశారు. ఇక పెద్దవాళ్ళ మాట చెప్పేదేముంది?

నేను రియాద్‌లో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ళనీ, తుంటి ఎముక విరిగినవాళ్ళనీ మళ్ళీ లేపి నడిపించడం నా పని. అందుకేనేమో, మనవాళ్ళంతా స్వాతంత్ర్య సమరయోధురాలిగా తలచుకునే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు నాకు వేరే కారణానికి గుర్తొస్తూంటారు. ఆవిడ కథ తెలిసినవాళ్ళు కూడా ఈ కోణంలో ఒకసారి చూస్తారని రాస్తున్నాను.

దుర్గాబాయి గారు 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. 8 ఏళ్ళకే పెళ్ళి చేశారు. పన్నెండేళ్ళ వయసులో, 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆయన్ని దేవదాసీలతోనూ, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలతోనూ కలిపించాలని పట్టుబట్టి, అందుకు కావలసిన 5,000 రూపాయలూ పోగుచేసి మరీ సభ జరిపించారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పిందీ ఆ పిల్లే. రెండేళ్ళ తరవాత కాకినాడ కాంగ్రెస్ ప్రదర్శనలో టిక్కెట్టు లేదని నెహ్రూగారిని గుమ్మంలో ఆపిన కథ మీ అందరికీ తెలిసిందే కనక మళ్ళీ చెప్పను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ పెళ్ళి సంగతి. కాస్త పెద్దయ్యాక ఆవిడ ఈ కాపురం తనకు సరిపడదని భర్తకు నేరుగా చెప్పి, ఆయన్ని వేరే పెళ్ళి చేసుకోమని విడిపోయారు. 1941లో ఆయన పోయారు. అప్పుడు ఆయన రెండో భార్య కష్టాల్లో పడితే చేరదీసింది ఎవరనుకున్నారు? దుర్గాబాయి గారే. తన ఇంట్లో కొంతకాలం పెట్టుకున్నారు. అంతటితో ఆగితే అది మంచితనం మాత్రమే అయ్యేది. ఆవిణ్ణి ఆంధ్ర మహిళా సభ వారి హస్తకళల శిక్షణలో చేర్పించి చేతికొక పని నేర్పించారు. కష్టంలో ఉన్న మనిషికి అన్నం పెట్టడంతో ఆగకుండా పని కూడా నేర్పడం ఆవిడకి జీవితాంతం అలవాటు.

ఈ అలవాటుకు మూలం జైల్లో ఉందని నా అభిప్రాయం. ఉప్పు సత్యాగ్రహం నుంచి మొదలుపెట్టి మూడేళ్ళలో మూడుసార్లు జైలుకెళ్ళారు. వెల్లూరు జైల్లో ఆవిడ చూసిన ఆడఖైదీలు చాలామందికి తమ మీదున్న కేసేమిటో, తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియదు. మధురై జైల్లో ఒంటరి కొట్లో ఉంచితే ఆరోగ్యం దెబ్బతింది. బయటికొచ్చాక రాజకీయాల్లో ముందుకు దూకకుండా చదువు పట్టుకున్నారు. ఇరవై దాటాక బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. పత్రికలో ప్రకటన ఇచ్చి, చదవాలనుకునే అమ్మాయిల్ని పోగుచేసి, తామే ఒక హాస్టలు నడుపుకున్నారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేసి న్యాయవాది అయ్యారు.

ఈ చదువుల మధ్యలోనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్ళకి, వాళ్ళలో వితంతువులకీ, భర్త వదిలేసినవాళ్ళకీ, బెనారస్ మెట్రిక్ పరీక్షకు పాఠాలు చెప్పడం అందులో ముఖ్యమైన పని. తరవాత తరవాత నర్సింగ్ హోము, నర్సుల శిక్షణ, పోలియో వచ్చిన పిల్లలకు ఎముకల వైద్యశాల, ఇలా పెరిగింది. ఇక్కడొక చిన్న మాట. దానం చేసేవాళ్ళు సాధారణంగా ముందు భవనం కట్టి, దాని మీద పేరు చెక్కించి, తరవాత పనిచేసేవాళ్ళ కోసం వెతుక్కుంటారు. సభలో ముందు పాఠాలు మొదలయ్యాయి, ఆస్పత్రి తరవాత వచ్చింది.

1946లో రాజ్యాంగ సభకు వెళ్ళారు. అందులో స్త్రీలు 15 మందే. ఆ సభ ఆమోదించిన 41వ అధికరణంలో నిరుద్యోగం, జబ్బు, అంగవైకల్యంతో పాటు వృద్ధాప్యం అన్న మాట కూడా ఉంది: ఆ దశలో ఉన్నవారికి ప్రభుత్వం తన శక్తి మేరకు సాయపడాలని. కోర్టుకెళ్ళి అడిగి తీసుకునే హక్కు కాదు, ఆదేశిక సూత్రం. అయినా ఆ మాట అక్కడుంది.

తరవాత ప్రణాళికా సంఘంలో సాంఘిక సంక్షేమం ఆవిడ చేతికొచ్చింది. దేశం తిరిగి చూస్తే డబ్బుల్లేక కునారిల్లుతున్న చిన్న చిన్న సేవాసంస్థలు ఎన్నో కనిపించాయి. మొదటి ప్రణాళికలో అలాంటి సంస్థలకోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే ఆవిడే మొదటి అధ్యక్షురాలు. డబ్బు ప్రభుత్వానిది, పని స్థానిక సంస్థలది, ఇదీ పద్ధతి. (అదే ఏడాది జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో పెళ్ళయింది. సాక్షిగా సంతకం పెట్టినవాళ్ళలో నెహ్రూగారొకరు. టిక్కెట్టు గొడవ మరిచిపోయినట్టే ఉన్నారు!)

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బోర్డు తొలి పథకాల్లో ముందువరస ఆడవాళ్ళది, పిల్లలది, వికలాంగులది. పెద్దవాళ్ళు వెనకే ఉన్నారు. దానికి ఆవిణ్ణి తప్పుపట్టలేం. 1940ల దశాబ్దంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు. పసిపిల్లలు, బాలింతలు చచ్చిపోతున్న చోట ముసలితనం పెద్ద సమస్యగా ఎవరికీ కనపడలేదు. ఇప్పుడది 70 ఏళ్ళ దగ్గరుంది. ఆ తరం చేసిన పని ఫలించబట్టే మన అమ్మానాన్నలకు ఈ వయసు దక్కింది.

కానీ ఆ బోర్డు పథకాల్లో ఒకటి మన సమస్యకు సూటిగా తగులుతుంది. 1958లో మొదలైన సంక్షిప్త విద్యాకోర్సులు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ళకి రెండేళ్ళలో పరీక్ష పాసయ్యేలా చదువు చెప్పి, నర్సులుగా, మంత్రసానులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా తయారయ్యే దారి చూపడం. పల్లెల్లో ఆస్పత్రి కట్టినా పనిచేసే ఆడమనిషి దొరకని రోజులవి. మరోపక్క పనిలేక పుట్టింట్లో ఒక మూల కూర్చున్న వితంతువులు. ఈ రెండు కష్టాల్నీ ఒకదానికొకటి మందుగా వాడారు.

ఇప్పుడు నేనుండే చోటికి వద్దాం. ఇక్కడ సౌదీ కుటుంబాల్లో పెద్దాయన ఇంట్లోనే ఉంటాడు, మజ్లిస్‌లో మొదటి ఫింజాన్ కాఫీ ఆయనకే. 2022లో వచ్చిన వృద్ధుల హక్కులు, సంరక్షణ చట్టం 60 నిండినవారికి వర్తిస్తుంది. బాధ్యత ముందు కుటుంబానిదేననీ, వాళ్ళ ఇష్టమో కోర్టు ఆదేశమో లేకుండా ఆశ్రమంలో చేర్చకూడదనీ చెబుతుంది. మన దేశంలో 2007 చట్టం ప్రకారం తల్లిదండ్రులు పిల్లల నుంచి భరణం అడగవచ్చు. బాధ్యత ఎవరిదో రెండు చోట్లా తేలింది. మరి ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది, మాత్ర మింగించేది ఎవరు? ఇక్కడి ఆస్పత్రుల నుంచి నర్సులు ఇళ్ళకు వెళ్ళే ఏర్పాటుంది. వాళ్ళలో మన దేశపు అమ్మాయిలు చాలామంది. మిగతా 23 గంటలూ చూసుకునేది ఇంట్లో పనిమనిషి. మా దగ్గరికి తీసుకొచ్చిన పెద్దవాళ్ళని ఎలా లేపాలో, ఎటు తిప్పి పడుకోబెట్టాలో నేను ముందు నేర్పేది ఆ పనిమనిషికే. కొడుకులు పక్కన నిలబడి చూస్తారు.

మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఊళ్ళో ఒక ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టాం. 6 నెలల్లో నలుగురు మారారు. అందరూ మంచివాళ్ళే, పేదవాళ్ళే. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పడక పుళ్ళు పడతాయని వాళ్ళెవరికీ ఎవరూ చెప్పలేదు. చెయ్యి పట్టుకుని లాగి లేపితే చచ్చుబడిన భుజం జారిపోతుందనీ తెలియదు. ఏజెన్సీ మా దగ్గర తీసుకునేదానిలో వాళ్ళ చేతికెంత వెళ్ళేదో అడిగితే మాట దాటేశారు. రియాద్ నుంచి వీడియోలో నేను చూపిస్తూంటే నాలుగో ఆవిడ చక్కగా నేర్చుకుంది. నెల తిరిగేసరికి అమ్మ కుర్చీలో కూర్చుంది. ఆ ఆవిడ భర్త పోయిన మనిషి. పదో తరగతి పూర్తికాలేదు. 1958లో అయితే దుర్గాబాయి గారి కోర్సుకు మొదటి వరసలో ఉండేది.

దుర్గాబాయి గారు 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. చివరి ఏళ్ళు హైదరాబాదులో గడిపి 1981 మే 9న కన్నుమూశారు. విద్యానగర్‌లో ఆంధ్ర మహిళా సభ ఆస్పత్రి ఆవిడ పేరుతో ఉంది. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషనుకూ ఆవిడ పేరు పెట్టారు.

మన సంఘం ఏటా సంక్రాంతికీ ఉగాదికీ పోగుచేసే విరాళాల్లో కొంత ఊళ్ళలోని వృద్ధాశ్రమాలకు వెళుతోంది. దుప్పట్లు, బియ్యం, ఒకసారి టీవీ కూడా కొనిచ్చాం. ఈసారి ఆ డబ్బులో సగమన్నా ఇలాంటి ఆడవాళ్ళకి పెద్దల సంరక్షణలో మూణ్ణెల్ల శిక్షణ ఇప్పించడానికి పెడదామని నా ప్రతిపాదన. శిక్షణ కాలంలో వాళ్ళకి జీతం కూడా ఇవ్వాలి, లేకపోతే కూలి మానుకుని ఎవరూ రారు. వచ్చే వార్షిక సెలవులో ఓ రెండు వారాలు పక్షవాతం పాఠం చెప్పడానికి నేను సిద్ధం. జెద్దాలో, దమ్మాంలో ఉన్న మన నర్సులు, డాక్టర్లు ఎవరైనా తోడొస్తే వచ్చే కార్యవర్గ సమావేశంలో అందరం కలిసి ఈ విషయం పెడదాం.