జార్జ్ సైమన్ ఓమ్ – నిరోధాన్ని జయించిన ఉపాధ్యాయుడు

నేడు బాచుపల్లిలోని ఏ వసతిగృహంలోనైనా మీట నొక్కిన తక్షణమే దీపం వెలుగుతుంది. ఆ దీపం ఎంత ప్రవాహాన్ని తీసుకుంటుంది, దానికి వేసిన తీగ ఎంత భారాన్ని మోయగలదు అన్న ప్రశ్నలకు పదవ తరగతి విద్యార్థి సైతం చిన్న లెక్కతో సమాధానం చెప్పగలడు. కాని ఆ లెక్కను లోకానికి ప్రసాదించినవాడు జీవితంలో అధికభాగం పేదరికంతోనూ, నిరాదరణతోనూ పోరాడిన ఒక సామాన్య ఉపాధ్యాయుడని మనలో చాలామంది ఎరుగరు. ఆయనే జార్జ్ సైమన్ ఓమ్.

ఓమ్ 1789 మార్చి 16వ తేదీన జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తాళాలు తయారుచేసే పనివాడు. పాఠశాల చదువు లేకపోయినా స్వయంకృషితో గణితం, విజ్ఞానశాస్త్రం అభ్యసించి, వాటిని తన కుమారులకు తానే బోధించాడు. ఓమ్‌కు పదేళ్ల ప్రాయంలోనే తల్లి మరణించింది. తమ్ముడు మార్టిన్ తరువాతి కాలంలో గణితశాస్త్రజ్ఞుడుగా పేరు గడించాడు.

1805లో ఓమ్ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అయితే చదువుకంటె నృత్యం, బిలియర్డ్స్, మంచుపై జారే ఆటలే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. కష్టార్జితం వృథా అవుతున్నదని ఆగ్రహించిన తండ్రి చదువు మాన్పించి, 1806లో ఆయనను స్విట్జర్లాండుకు పంపాడు. అక్కడ ఒక పాఠశాలలో గణితం బోధిస్తూనే, ఓమ్ స్వయంగా ఉన్నత గణితాన్ని అధ్యయనం చేశాడు. 1811లో తిరిగివచ్చి అదే విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పట్టాన్ని పొందాడు. తప్పిన దారిని సరిదిద్దుకోవడానికి ఆయనకు ఐదేళ్ల పట్టుదల సరిపోయింది.

1817లో కొలోన్ నగరంలోని ఒక ఉన్నత పాఠశాలలో ఓమ్‌కు ఉద్యోగం లభించింది. అక్కడి భౌతికశాస్త్ర ప్రయోగశాల ఆయన పాలిట వరమైంది. బోధన ముగిసిన తరువాత తీగలలో విద్యుత్ ప్రవాహాన్ని గురించి పరిశోధనలు సాగించాడు. 1825లో ఆయన తొందరపడి ప్రకటించిన సూత్రం సరియైనది కాదని తేలింది. ఆనాటి బ్యాటరీల బలం నిలకడగా ఉండకపోవడం పెద్ద అవరోధం. పొగెన్‌డోర్ఫ్ అనే శాస్త్రజ్ఞుని సలహాపై ఓమ్ బిస్మత్, రాగి లోహాలను జతపరచి, ఒక అతుకును మరిగే నీటిలోనూ, రెండవదానిని మంచులోనూ ఉంచాడు. ఉష్ణోగ్రతల భేదం స్థిరంగా ఉండుటవలన వోల్టేజి కూడ స్థిరపడింది. ఒకే మందం, వేర్వేరు పొడవులు గల రాగి తీగలను ఒక్కొక్కటిగా కలిపి, వ్రేలాడదీసిన అయస్కాంతపు సూదిపై ప్రవాహపు ప్రభావాన్ని కొలిచాడు. 1826లో సరియైన నియమం వెలువడింది.

ఉష్ణోగ్రత మారనంతవరకు లోహపు తీగలో ప్రవాహం వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుందన్నదే ఆ నియమం. వోల్టేజిని ప్రవాహంతో భాగిస్తే లభించేది నిరోధం. తన సిద్ధాంతాన్ని ఓమ్ 1827లో గ్రంథరూపంలో ప్రకటించాడు. కాని ప్రకృతిని గణితంతో విచారించే ఆ పద్ధతి ఆనాటి జర్మన్ పండితులలో పలువురికి రుచించలేదు. ఆశించిన విశ్వవిద్యాలయ పదవి దక్కలేదు. మనస్తాపంతో ఓమ్ కొలోన్ ఉద్యోగాన్ని వదులుకొని, కొన్ని సంవత్సరాలు బెర్లిన్‌లో చిన్నచిన్న బోధనలతో కాలం గడిపాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో స్థానం లభించింది.

చివరకు గుర్తింపు పరదేశం నుండి వచ్చింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను కోప్లీ పతకంతో సత్కరించింది. అదే సంవత్సరం జేమ్స్ జౌల్, తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికీ, నిరోధానికీ అనుగుణంగా ఉంటుందని ప్రకటించాడు. ఈ రెండు నియమాల కలయికతో మన నిత్యజీవితపు లెక్క పూర్తయింది: వోల్టేజిని ప్రవాహంతో గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. 230 వోల్టులపై పనిచేసే 2000 వాట్ల నీళ్ల హీటరు సుమారు 8.7 ఆంపియర్ల ప్రవాహాన్ని తీసుకుంటుంది. దాని నిరోధం సుమారు 26 ఓమ్‌లు. దీనిని 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే తీగ వేడెక్కి ప్రమాదం సంభవించవచ్చును. ప్రవాహం రెట్టింపైతే తీగలో వేడి నాలుగు రెట్లవుతుంది. ఈ చిన్న భాగహారం ఒక ప్రాణాన్ని కాపాడగలదు.

ఓమ్ చిరకాలం ఆశించిన విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్య పదవి 1852లో మ్యూనిక్‌లో లభించింది. రెండేళ్లకే, 1854 జూలై 6న, ఆయన పరమపదించాడు. 1881లో ప్యారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు ప్రమాణానికి ఆయన పేరును ఆమోదించింది.

మన నగరంలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలో బోధించారు. ఉర్దూలో మజాహమత్ అన్నా, తెలుగులో నిరోధం అన్నా, దానిని కొలిచే ప్రమాణం ఒక్కటే: ఓమ్. సత్యానికి భాషాభేదం లేదు.

విద్యార్థి మిత్రులారా! మీ ప్రయోగశాలలో వోల్ట్‌మీటరు, అమ్మీటరు చూచినప్పుడు ఈ ఉపాధ్యాయుని స్మరించండి. తన తప్పును తానే దిద్దుకున్న నిజాయితీ, నిరాదరణకు చలించని దీక్ష ఆయన మనకు వదలిన నిజమైన ఆస్తి.