మన పక్క ఊరి మంత్రి – కెవిన్ ఓ'హిగ్గిన్స్

మన తెలుగు బడి పిల్లలని గాంధీగారు ఎలా చనిపోయారని అడిగితే టక్కున జవాబు చెబుతారు. కానీ వాళ్ళు పెరుగుతున్న ఈ ఐర్లండ్‌లో కూడా ఒక పెద్ద నాయకుడు తుపాకీ గుళ్ళకి బలయ్యారనీ, అది మన చెర్రీవుడ్‌కి పది కిలోమీటర్ల లోపే జరిగిందనీ చాలామందికి తెలియదు. ఎన్-11 రోడ్డు మీద సిటీ వైపు వెళుతుంటే స్టిల్లోర్గన్ దాటాక కుడిపక్కన బూటర్స్‌టౌన్ అవెన్యూ వస్తుంది. ఆ దారిలో ఎన్నోసార్లు తిరిగిన మాకు కూడా ఆ కథ ఆలస్యంగానే తెలిసింది. అందుకే ఈ సంచికలో కెవిన్ ఓ'హిగ్గిన్స్ గారి గురించి రాస్తున్నాం.

ఆయన 1892 జూన్ 7న లీష్ కౌంటీలోని స్ట్రాడ్‌బల్లీలో పుట్టారు. తండ్రి డాక్టరు. ఇంటి నిండా పిల్లలు. కెవిన్‌ని చర్చి ఫాదర్‌ని చేద్దామని మేనూత్‌లో చేర్పించారు గానీ ఆ చదువు సాగలేదు. తర్వాత డబ్లిన్‌లో యూనివర్సిటీ చదువు చదివారు. అప్పటికి ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉంది. మన దేశంలో లాగానే ఇక్కడి యువకులు కూడా స్వాతంత్ర్య ఉద్యమంలోకి దూకారు. ఆయన జైలుకి వెళ్ళారు. 1918 ఎన్నికలలో జైల్లో ఉండగానే గెలిచారు.

1921 అక్టోబరులో ఆయనకి పెళ్ళయింది. ఆ రోజు తీసిన ఫోటో ఒకటి ఈనాటికీ ఉంది. అందులో పెళ్ళికొడుకు ఓ'హిగ్గిన్స్‌తో పాటు ఇద్దరున్నారు. ఒకరు ఉద్యమానికి నాయకుడైన ఈమన్ డి వలేరా. రెండోవారు రోరీ ఓ'కానర్. మన పెళ్ళిళ్ళలో తోడు పెళ్ళికొడుకు ఉంటాడే, అలా పక్కన నిలబడిన ఆప్తమిత్రుడు ఆయన.

ఆ డిసెంబరులోనే బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది. ఐర్లండ్‌కి సొంత ప్రభుత్వం వచ్చింది, కానీ రాజుగారి పేరిట ప్రమాణం చెయ్యాలి, ఉత్తర భాగం విడిగా ఉండిపోతుంది. దొరికినంత తీసుకుని ముందుకి పోదామని కొందరు, పూర్తి స్వాతంత్ర్యం తప్ప ఇంకేదీ వద్దని కొందరు. 1922 జూన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఫోటోలోని ముగ్గురిలో ఓ'హిగ్గిన్స్ ఒక పక్షం, మిగతా ఇద్దరూ ఎదుటి పక్షం. ఆగస్టులో మైకేల్ కాలిన్స్ హత్యకి గురయ్యారు. ముప్ఫై ఏళ్ళ ఓ'హిగ్గిన్స్ మీద హోం మంత్రిగా శాంతిభద్రతల భారం పడింది.

1922 డిసెంబరు 7న ఒప్పందాన్ని సమర్థించిన సభ్యుడు షాన్ హేల్స్‌ని డబ్లిన్‌లో కాల్చి చంపారు. దానికి బదులుగా మర్నాడు తెల్లవారేసరికి, ఎన్నో నెలలుగా జైల్లో ఉన్న నలుగురిని ప్రభుత్వం విచారణ లేకుండా కాల్చి చంపింది. ఆ నలుగురిలో ఒకరు రోరీ ఓ'కానర్. మంత్రివర్గంలో చివరిదాకా వెనకాడినవారిలో ఓ'హిగ్గిన్స్ ఒకరని చరిత్రకారులు రాశారు. అయినా చివరికి ఆయన కూడా ఒప్పుకున్నారు. ఆ యుద్ధకాలంలో ప్రభుత్వం అధికారికంగా అమలు చేసిన మరణశిక్షలు 77. 1923 ఫిబ్రవరిలో కొందరు స్ట్రాడ్‌బల్లీలోని ఇంటికి వచ్చి ఆయన తండ్రిని కాల్చి చంపారు. దెబ్బకి దెబ్బ అనుకుంటూ పోతే లెక్క ఎక్కడ తేలుతుంది?

అయితే ఆయన చేసిన మంచి పనిని కూడా పిల్లలకి చెప్పాలి. ఆ రక్తపాతం మధ్యలోనే కొత్త పోలీసు దళం, అంటే గార్డా, తయారైంది. దాన్ని తుపాకులు లేని దళంగానే నిలబెట్టారు. ఈనాటికీ మన వీధుల్లో కనిపించే యూనిఫాం గార్డాలు మామూలుగా తుపాకీ పెట్టుకోరు. ఇండియా నుంచి వచ్చిన కొత్తలో మనలో చాలామంది ఆశ్చర్యపోయిన విషయమే ఇది.

1927 జూలై 10, ఆదివారం. ఓ'హిగ్గిన్స్ బూటర్స్‌టౌన్‌లోని క్రాస్ అవెన్యూలో ఉన్న ఇంటి నుంచి చర్చికి నడిచి వెళుతున్నారు. పక్కన రక్షకభటుడు లేడు. వీధి మలుపులో ముగ్గురు కాల్పులు జరిపారు. ఇంటికి తీసుకువచ్చాక కొన్ని గంటలు స్పృహలోనే ఉన్నారు. తనని కాల్చినవారిని క్షమించానని చెప్పి కన్నుమూశారు. వయసు 35 ఏళ్ళు. అప్పటికి చిన్న కూతురు ఊనాకి అయిదు నెలలు. ఈ హత్యకి ఎవరికీ శిక్ష పడలేదు.

ఇక ఆ తర్వాత ఏం జరిగిందన్నదే ముఖ్యం. 1984లో ఇందిరా గాంధీ హత్య తర్వాత ఢిల్లీలో ఏ పాపం తెలియని సిక్కులు వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. 2000లో ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలి మంత్రి మాధవరెడ్డిగారు మరణించిన వార్త మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఐర్లండ్‌లో కూడా మళ్ళీ యుద్ధం వస్తుందేమోనని భయపడ్డారు. ప్రభుత్వం కఠినమైన భద్రతా చట్టం తెచ్చింది. దానితో పాటు, ఎన్నికలలో పోటీ చేసేవాళ్ళు గెలిస్తే సభలో కూర్చుంటామని ముందే ఒప్పుకోవాలని ఇంకో చట్టం తెచ్చింది. అంతవరకు ప్రమాణం చెయ్యమని సభ బయటే ఉండిపోయిన డి వలేరా, ఆయన పార్టీ ఫియనా ఫాయిల్, ఆ ఆగస్టులోనే సభలో అడుగుపెట్టారు. అయిదేళ్ళ తర్వాత, 1932లో ఎన్నికలలో గెలిచారు. అంతర్యుద్ధంలో గెలిచిన పక్షం, ఓడిన పక్షానికి మర్యాదగా అధికారం అప్పగించింది. చంపినవాళ్ళు కోరుకున్నది ఇది కాదు. అలాగని హత్య వల్ల మంచి జరిగిందని అనలేం. ఇరుపక్షాలూ తుపాకీ వైపు కాకుండా సభ వైపు నడవడం వల్ల మంచి జరిగింది.

పిల్లలూ, ఇప్పుడు అయిదు నెలల పాప ఊనా సంగతి వినండి. తండ్రి ముఖం గుర్తులేని ఆ పాప పెరిగి పెద్దదై లాయరు అయింది. ఉత్తర ఐర్లండ్‌లో మళ్ళీ బాంబులు పేలుతున్న 1970లలో, పగబట్టినవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించాలని విక్లో కొండలలోని గ్లెన్‌క్రీలో శాంతి కేంద్రం స్థాపించినవారిలో ఆవిడ ఒకరు. తండ్రిని చంపినవారి పేర్లు 1980లలో బయటికి వచ్చాయి. వారిలో ఒకరి కొడుకుని ఆవిడ కలుసుకున్నారు. 1987లో, తండ్రి చనిపోయి అరవై ఏళ్ళయిన సందర్భంలో, ఆయన కోసమూ ఆయన్ని చంపిన ముగ్గురి కోసమూ కలిపి చర్చిలో ప్రార్థన జరిపించారు. ఆవిడ 2005లో కన్నుమూశారు.

తండ్రి చివరి గడియల్లో అన్న క్షమ అనే మాటని కూతురు జీవితమంతా ఆచరించి చూపించింది. తాతగారి హత్య, తండ్రి స్నేహితుడి మరణశిక్ష, తండ్రి హత్య – ఇన్ని జరిగిన ఇంట్లో పుట్టి కూడా లెక్క తన దగ్గరితో ఆపేసింది.

ఎండ కాసిన ఆదివారం పిల్లలతో విక్లో కొండలకి వెళ్ళినప్పుడు గ్లెన్‌క్రీ దగ్గర ఒక్కసారి కారు ఆపండి. ఈ కథ అక్కడ చెబితే వాళ్ళకి బాగా గుర్తుంటుందని మా నమ్మకం.