దత్తమండలముల మన్రో: కచేరియు, గుత్తయు

గుత్తికి దక్షిణమున, పెన్న యొడ్డున నున్న పామిడి బట్టల వ్యాపారమునకు పేరు గన్నది. వానకు మొగము వాచినది. ఇట్టి చిన్న పట్టణములలో సంత, వాహనములు నిలుపు తావు, చెరువు చేపలు మొదలగు వానికి గుత్తపాట లెట్లు జరుగునో మన పాఠకు లెరుగనివారు కారు. పాట హెచ్చిన కొలది పురమునకు లాభమని సభ్యులు సంతసింతురు. ఆ హెచ్చిన సొమ్మును గుత్తేదారు ఎవరి చేతినుండి రాబట్టునన్న ప్రశ్న సభలో పుట్టుట అరుదు. ఈ సీమలో నొకప్పుడు సంతలు గాదు, ఊళ్లే గుత్త కియ్యబడినవి. ఆ కథ సర్ తామస్ మన్రో జీవితముతో పెనవైచుకొని యున్నది గాన దానిని నేడు చెప్పదలచితిమి.

మన్రో 1761లో గ్లాస్గో నగరమున వర్తకుని యింట జన్మించెను. అమెరికా యుద్ధముచే తండ్రి వ్యాపారము చెడెను. 1780లో కుంపిణీ సైన్యమున చిన్న యుద్యోగిగా చెన్నపట్టణము చేరి హైదరుతోడి యుద్ధమున పాల్గొనెను. 1792 మొదలు బారామహలులో కెప్టెన్ రీడు క్రింద శిస్తుపని నేర్చి, పిదప కన్నడ తీరమున కొంతకాల ముండెను. 1800లో నిజాము తాను భరింపవలసిన సైన్యపు వ్యయమునకు బదులుగా బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను కుంపిణీకి ధారవోసెను. దత్తమండలము లను పేరు అట్లు వచ్చినది. ఆ పేరు మనకు నచ్చక 1928లో నంద్యాలలో రాయలసీమ యని మార్చుకొంటిమి. ఈ మండలములకు ముఖ్య కలెక్టరుగా మన్రో యేడేండ్లు పనిచేసెను.

ఆయన వచ్చునాటికి ఎనుబదిమంది పాళెగాండ్రు సీమను పంచుకొని యుండిరి. వారిని సైన్యబలముచే నడచుట కుంపిణీ పని. దానిని మేము కొనియాడము. మేము గమనించున దాతని కచేరి తీరు. అనంతపురమున నివాస మున్నను ఆయన కాలము పెక్కు గుడారములలోనే గడచెను. జమాబందికి రెడ్డి, కరణముతో పాటు కాపులనెల్ల పిలిపించుచుండెను. ఎవని పొలమునకు ఎంత శిస్తో అందరు వినుచుండగా తేలవలెను. తనపై భారము హెచ్చినదని యొకడు మొరపెట్టినచో ఆ తగవు సాటి కాపులకు, పొరుగూరి కాపులకు అప్పగింపబడెడిది. కరణము కవిలెలో నేమి వ్రాసికొన్నను, నేల నెరిగిన నలుగురి నడుమ అబద్ధము నిలుచుట కష్టము.

1802లో మొదలైన భూమి కొలత 1807 నాటికి ముగిసెను. ముప్పదిమూడడుగుల గొలుసుతో చేనుచేనును కొలిచిరి. కొలతగాండ్రకు నెలజీతము గాక, కొలిచిన యెకరములను బట్టి కూలి యిచ్చుచుండిరి. పని చురుకుగా సాగుట కిది మంచి యుపాయమే. కాని తొందరలో తప్పులు దొరలవా? అందుకే వారి వెనుక తనిఖీదారులను పంపి తిరిగి కొలిపించెను. పనిని లెక్కకు గట్టి యిచ్చుటను ఆయన కాదనలేదు. ఇచ్చి చూడకుండుటను మాత్రము ఒప్పుకొనలేదు.

ఆ శిస్తు తేలిక కాదు. పంటలో దాదాపు సగము దొరతనమునకు పోవుచుండెను. ఆ సంగతి మన్రోకే తెలిసి, 1807లో సీమ విడిచి పోవుచు నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపుమని వ్రాసిపోయెను. చెన్నపట్టణపు రెవిన్యూ బోర్డువారు తగ్గింపలేదు సరిగదా, వేలకొలది కాపులతో లెక్కచూచుకొను తొందర వదలించుకొన దలచి ఊళ్లను మూడేండ్లకు గుత్త కిచ్చిరి. గడువు ముగియగా మరల పదేండ్లకు గుత్త. వెనుకటి వసూళ్లను బట్టి మొత్తము గట్టిరి. దొరతనమువారి పుస్తకములో ఊరి కొక్క పద్దు, ఒక్క పేరు. రెడ్డి యొప్పుకొనకున్న వేరొకడు పుచ్చుకొనును. కక్షలున్న యూర పాట యే త్రోవను పెరుగునో మేము చెప్పనక్కర లేదు.

అనావృష్టి సీమలో మూడేండ్లకో, పదేండ్లకో ఇంత యని ముందు చెప్పగలవా డెవడు? వాన కురిసిన యేడు గుత్తేదారు మిగుల్చుకొనెను. కురియని యేడు దొరతనమునకు చెల్లింపలేక కాపులను పీడించెను. అప్పటికిని చాలనివారు పలువురు చెరసాల పాలైరి. కాపు కచేరికి పోయి మొరపెట్టుకొనుటకును తావు లేదు. దొరతనమునకు లెక్క చెప్పువాడు గుత్తేదారే గాని కాపు గాడు గదా.

మన్రో 1814లో మరల వచ్చి, న్యాయపద్ధతిని సంస్కరించు సంఘమునకు పెద్ద యయ్యెను. గ్రామమునసబులకు, గ్రామపంచాయతీలకు శాసనబద్ధమగు అధికార మిచ్చిన 1816 నాటి నిబంధనలు ఆ కృషి ఫలములు. ఆ దినములలోనే కోయంబత్తూరున ఖజానా యుద్యోగి కాశిచెట్టియు అతని తోడివారును చేసిన యపహరణమును విచారించి బయటపెట్టెను. కలెక్టరు కన్నుల యెదుటనే ఏండ్ల తరబడి సాగిన దోపిడి అది. గుట్టుగా నడచు కచేరి కింతకంటె సాక్ష్య మేల?

1820లో ఆయన చెన్నపట్టణపు గవర్నరయ్యెను. పదేండ్ల గుత్త ముగియుచుండగా దానిని కొనసాగనీక, ఊరూర కాపుతోనే నేరుగా లెక్క చూచు పద్ధతిని నిలిపి, తాను 1807లో కోరిన తగ్గింపును అమలుపరచెను. నడుమ పోయిన పదుమూడేండ్లలో చితికిన కుటుంబములను ఎవరు లెక్కించిరి? దేశీయులకు గొప్ప యుద్యోగము లియ్యనిదే వారి శీలము వృద్ధిపొందదనియు, ఎన్నడో యొకనాడు తమ రాజ్యమును తామే యేలుకొనదగుదురనియు 1824 చివర ఆయన వ్రాసెను. అట్లు వ్రాసినవాడు తన యేలుబడిలో కలెక్టరు పీఠముపై ఒక్క దేశీయుని గూర్చుండబెట్టలేదు. ఇదియు చరిత్రలో భాగమే.

స్వదేశమునకు పోవుటకు ముందు, తాను కలెక్టరుగా తిరిగిన సీమను మరియొకసారి చూచిపోవలెనని బయలుదేరి, 1827 జూలై 6న పత్తికొండలో వాంతిభేదిచే మరణించెను. గుత్తిలో సమాధి చేసిరి. 1831లో ఎముకలను త్రవ్వి చెన్నపట్టణపు కోటలోని చర్చికి గొనిపోయిరి. మన పల్లెలలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. ఊళ్లను పాటలు పాడి పుచ్చుకొన్న గుత్తేదారుల పేళ్లు నేడెవ్వరికిని జ్ఞప్తిలేవు.