కర్పూరము నుండి గ్రంథమాల వరకు

అన్నవరములో రత్నగిరి మెట్లెక్కి వచ్చు యాత్రికునకు స్వామి దర్శనముకంటె ముందు పరిమళము ఎదురగును. విస్తరాకు పొట్లములోని ప్రసాదపు నేతి వాసన, వ్రతమంటపములనుండి వచ్చు అగరు ధూపము, హారతి కర్పూరము కలిసి ఆ కొండగాలికి ఒక ప్రత్యేకతను కల్పించును. దర్శనము ముగించి కొండ దిగిన పిమ్మట ఏ ముసలమ్మయో మెట్ల ప్రక్కన చతికిలబడి, సంచిలోనుండి చిన్న సీసా తీసి, పసుపుపచ్చని లేపనమును మోకాళ్లకు రాచుకొనుట కద్దు. ఆ లేపనమందును కర్పూరమే ఉన్నది. దేవుని ముందు వెలిగిన ద్రవ్యమే దేహబాధకు ఉపశమనమైనది.

ఆ చిన్న సీసా వెనుక ఒక మహనీయుని జీవితము దాగియున్నది. రత్నగిరిపై సత్యనారాయణస్వామి ఆలయము వెలసిన 1891వ సంవత్సరముననే చెన్నపట్టణములో పట్టభద్రుడై లోకములోనికి అడుగిడిన ఆ యువకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఆయన సృష్టించినది అమృతాంజనము.

పంతులుగారి ప్రతిభను గ్రహింపవలెనన్న ముందుగా మన పెరటిలోనికి, వంటింటిలోనికి తొంగిచూడవలెను. సుగంధద్రవ్యములు తెలుగువారికి క్రొత్తవి కావు. గోదావరి సీమలో బాలింతరాలికి వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానము చేయించుట తరతరాల ఆచారము. పసిబిడ్డకు నీళ్లు పోసిన వెంటనే సాంబ్రాణి ధూపము వేయుదురు. జలుబు చేసిన పిల్లవానికి దుప్పటి కప్పి, పసుపు వేసి మరిగించిన నీటి ఆవిరి పట్టింతురు. పండుగనాటి తలంటుకు పెసలు, సెనగలు, బావంచాలు, కచ్చూరాలు, వట్టివేరు, ఎండు గులాబీరేకులు చేర్చి సున్నిపిండి విసరుదురు. గులాబీరేకులను ఎండలో గాక నీడలో ఆరబెట్టవలెనని మన అమ్మమ్మలకు తెలియును. పరిమళమునిచ్చు తైలములు ఎండవేడికి ఎగిరిపోవునను శాస్త్రసత్యమును వారు ఏ పాఠశాలలోను చదువలేదు, అనుభవమువలన నేర్చిరి.

అయితే ఈ విద్యకు ఒక లోపము కలదు. అది ఏ ఇంటిది ఆ ఇంటిలోనే నిలిచిపోవును. పాళ్లు చేతి అంచనాయే గాని కొలత కాదు. పెద్దావిడ కన్నుమూసిన నాడు ఆమె సున్నిపిండి కూడ ఆమెతోనే పోవును. ఇంటి విద్యను ఊరి విద్యగా, ఊరి విద్యను దేశపు సొత్తుగా మార్చుటకు వేరొక రకపు బుద్ధి కావలెను. నాగేశ్వరరావుగారిలో ఆ బుద్ధి ఉండెను.

ఆయన 1867 మే 1వ తేదీన కృష్ణా మండలమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్య, తల్లి శ్యామలాంబ. బందరులో చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పుచ్చుకొనిరి. రాజమహేంద్రవరమునుండి కందుకూరి వీరేశలింగం పంతులుగారు వెలువరించిన వివేకవర్ధని వ్యాసములు ఆయన మనస్సుపై గాఢమైన ముద్ర వేసినవి. ఆ రోజులలో పట్టభద్రునకు సర్కారు కొలువు సుఖమైన మార్గము. ఆయన ఆ మార్గము త్రొక్కక వ్యాపారమును కోరి కలకత్తాకు, అటుపిమ్మట బొంబాయికి పోయిరి. చేతిలో మూలధనము లేదు. అచ్చటి భాష తనది కాదు. కొంతకాలము పరుల వద్ద పనిచేసి వర్తకపు మెళకువలు నేర్చి, 1893లో అమృతాంజనమును తయారుచేసిరి.

ఇట్టి లేపనము తయారగు పద్ధతి తెలిసికొనదగినది. కర్పూరము, పుదీనా జాతి మొక్కలనుండి తీసిన మెంథాల్, నీలగిరి తైలము వంటివి గాలి తగిలినంతనే ఆవిరియై పోవు ద్రవ్యములు. వానిని జిడ్డుగల మైనము వంటి పదార్థములో కలిపినచో అవి వెంటనే ఎగిరిపోక, చర్మముపై నిలిచి, మెల్లమెల్లగా వెలువడును. మెంథాల్ రాచుకొన్నచోట చల్లదనము తోచును గాని, నిజముగా అచ్చట వేడి తగ్గదు. చలిని గుర్తించు నాడీగ్రాహకములను అది మేల్కొల్పునని శాస్త్రజ్ఞులు 2002లో నిరూపించిరి. దీనికి తోడు ఒక హెచ్చరికయు అవసరము: కర్పూరము కడుపులోనికి పోయినచో విషము. పసిబిడ్డల ముక్కు దగ్గర దానిని పూయరాదు.

అమృతాంజనమునకు ప్రచారము కల్పించుటకై పంతులుగారు సంగీత సభలకు వచ్చినవారికి ఉచితముగా పంచిపెట్టిరని ప్రసిద్ధి. క్రమముగా అది దేశమంతట వ్యాపించెను. లక్షలు వచ్చి చేరెను. ఇక్కడితో కథ ముగిసినచో పంతులుగారు మరొక ధనికుడై మిగిలిపోయెడివారు. వారిని గూర్చి మనము పాఠములు చెప్పుకొనవలసిన పని ఉండెడిది కాదు.

1907లో సూరత్ కాంగ్రెసు మహాసభకు వెళ్లినప్పుడు, తెలుగువారికి తమ భాషలో మంచి పత్రిక లేని కొరత ఆయనకు స్పష్టముగా తోచెను. మరుసటి యేడు, 1908 సెప్టెంబరులో, బొంబాయి నగరమునుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తెలుగునేలకు అంత దూరమున తెలుగు అచ్చుకూటమును నడుపుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. 1914లో చెన్నపట్టణము చేరి, ఏప్రిల్ 1వ తేదీనుండి దానిని దినపత్రికగా మార్చిరి. 1924 జనవరిలో భారతి మాసపత్రిక ప్రారంభమయ్యెను. పండితులకు, పరిశోధకులకు, కవులకు అది దశాబ్దములపాటు కొలువుకూటమయ్యెను. పత్రికలు మ్రింగిన సొమ్మును లేపనము సంపాదించి పెట్టెను.

1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి, మంచి గ్రంథములను సామాన్యులు కొనగల వెలకు అందించిరి. గ్రంథాలయోద్యమమునకు అండగా నిలిచిరి. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారి మరణముతో ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును మరల చేపట్టి సంపుటములు ప్రకటించిరి. ఇచ్చట మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. లేపనము విషయములో ఆయన చేసినదేమి? ఇండ్లలో చెదరియున్న ద్రవ్యజ్ఞానమును కూర్చి, కొలిచి, చిన్న సీసాలోనికి ఎక్కించి, కొద్ది వెలకు ప్రతి గడపకు చేర్చుట. గ్రంథముల విషయములో చేసినదియు అదియే. పండితుల ఇండ్లలో, తాళపత్రములలో చెదరియున్న విద్యను కూర్చి, అచ్చువేసి, కొద్ది వెలకు ప్రతి గడపకు చేర్చిరి. రెండు పనులకును మూలము ఒక్కటే.

దేశసేవలోను ఆయన వెనుదీయలేదు. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులై, ఉప్పు సత్యాగ్రహ కాలమున చెరసాలకు పోయిరి. ఆ ఏకాంతములో భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసిరి. ప్రజలు ఆయనను దేశోద్ధారకుడని, విశ్వదాతయని పిలుచుకొనిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. 1937 నవంబరు 16వ తేదీన కోస్తా, రాయలసీమ నాయకులు చెన్నపట్టణమందలి ఆయన గృహమగు శ్రీబాగులో కూర్చుండి చేసికొన్న ఒడంబడికయే, 1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు కర్నూలు రాజధాని యగుటకు పునాది. ఆ రాష్ట్రమును చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు పరమపదించిరి. భారతియు, ఆంధ్రపత్రికయు ఇప్పుడు లేవు. అమృతాంజనము మాత్రము నేటికిని అంగళ్లలో లభించుచున్నది.

ఇది ఒకవిధముగా విచారింపదగిన విషయమే. సంపాదించి పెట్టినది మిగిలెను. దేనికొరకు సంపాదించెనో అది ఆగిపోయెను. కాని పాత భారతి సంచికలు గ్రంథాలయములలో ఉన్నవి. వానిని తెరచి చూచుట ఉపాధ్యాయుల చేతిలోని పని.

విద్యార్థుల చేతిలోని పని మరొకటి కలదు. ఈ సెలవులలో మీ అమ్మమ్మ దగ్గర కూర్చుండి, ఆమె సున్నిపిండిలో పెసలెన్ని గిద్దలు, కచ్చూరాలెన్ని తులములు, వట్టివేరు ఎంత అని అడిగి వ్రాసికొనుడు. ఆమె చేతి అంచనాగా వేయుదానిని మీరు తూచి చూడుడు. వావిలాకు నీళ్లు ఎంతసేపు కాగవలెనో తెలిసికొనుడు. వ్రాసికొన్న కాగితమును మీవద్దనే దాచుకొనక పదిమందికి చూపుడు. ఎలకుర్రు కుర్రవాడు లోకమునకు నేర్పిన పాఠమంతయు ఈ చిన్నపనిలోనే కలదు.