వ.పా.: మన పొరుగూరి చిత్రకారుడు

చోడవరం నుండి అనకాపల్లి చేరి, తుని వైపు కొద్ది దూరం సాగితే కశింకోట వస్తుంది. చెరకుతోటలకు, బెల్లానికి పేరుపడిన సీమ అది. ఆ దారిన రాకపోకలు సాగించే మన విద్యార్థులు అనేకులున్నారు. కాని వడ్డాది పాపయ్య అనే చిత్రకారుడు ఆ ఊరిని తన నివాసంగా చేసుకున్నారని ఎరిగినవారు ఎందరో మేము చెప్పలేము. ఆయన బొమ్మ చూపితే పెద్దలు గుర్తిస్తారు, పేరు అడిగితే తడుముకుంటారు. పత్రికాచిత్రకారుని కీర్తి ఇటువంటిదే.

పాపయ్యగారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. చిత్రలేఖనంలో తండ్రి రామమూర్తిగారే తొలి గురువు. రవివర్మ చిత్రాలు బాల్యంలోనే ఆయన మనస్సును ఆకర్షించాయి. వాటిని చూచి గీస్తూ చేతిని సాధించుకున్నారు. ఆంధ్రపత్రిక, భారతి వంటి పత్రికలలో ఆయన చిత్రాలు వెలువడ్డాయి. పిమ్మట చక్రపాణిగారి ఆదరం లభించింది. 1947లో మద్రాసున ప్రారంభమైన చందమామకు, చక్రపాణిగారు నడిపిన యువ మాసపత్రికకు ఆయన కుంచె దీర్ఘకాలం సేవ చేసింది. చందమామ పలు భాషలలో వెలువడేది గనుక, తెలుగు అక్షరం ఎరుగని బాలబాలికలు కూడ ఆయన ముఖచిత్రాలను చూచి ముచ్చటపడ్డారు.

కథకు బొమ్మ వేయడం ఒక పని, భావానికి బొమ్మ వేయడం మరొక పని. మొదటిదానిలో రచయిత దారి చూపుతాడు. రాజు, మంత్రి, గుర్రం, కోట ఇవన్నీ కథలోనే ఉంటాయి. చిత్రకారుడు వాటికి రూపం కల్పిస్తే చాలు. రెండవదానిలో చేతికందే ఆధారమేదీ లేదు. వసంతానికి ముఖం ఎక్కడిది? ఒక రాగం ఏ రంగు చీర కట్టుకుంటుంది? పాపయ్యగారు యువ కొరకు గీసిన ఋతువులు, రాగాలు, నాయికలు ఈ రెండవ కోవకు చెందినవి. ఆయన ఋతువును తొలుత ఒక స్త్రీగా ఊహిస్తారు. ఆమె నిలిచిన తీరులో, కనురెప్పల బరువులో, వెనుకనున్న ఆకాశపు వర్ణంలో ఆ కాలాన్ని ఇముడుస్తారు. శీర్షిక మూసి చూచినా ఎండ తెలుస్తుంది, మంచు తెలుస్తుంది.

రాగానికి రూపమివ్వడం ఆయనతో మొదలైనది కాదు. దక్కను సుల్తానుల కాలంలోనే రాగమాలా చిత్రాలు వెలశాయి. బిజాపూరు పాలకుడు రెండవ ఇబ్రహీం ఆదిల్షా రాగాలననుసరించి స్వయంగా గీతాలు కూర్చి, కితాబ్-ఎ-నౌరస్ అను గ్రంథం రచించాడు. మన ఉర్దూ విద్యార్థులు మురఖ్ఖా-ఎ-చుగ్తాయి పేరు వినే ఉంటారు. 1928లో వెలువడిన ఆ గ్రంథంలో అబ్దుర్రహ్మాన్ చుగ్తాయి గాలిబు కవితలోని భావాలకు రూపం కల్పించాడు. పాపయ్యగారు చేసినది ఆ జాతి పనియే. అయితే చుగ్తాయి చిత్రాలు విలువైన గ్రంథంగా వెలువడ్డాయి. పాపయ్యగారివి మాసపత్రికలో వచ్చి, మరుసటి నెల పాతకాగితాలలో కలిశాయి.

ముద్రణలోని చిక్కును కూడ ఇక్కడ చెప్పవలసి ఉంది. ఆనాటి రంగుల అచ్చుకు పసుపు, ఎరుపు, నీలం, నలుపు రంగులకు వేరువేరు బ్లాకులు సిద్ధం చేసి, కాగితాన్ని ఒక్కొక్కదానిపై అచ్చువేసేవారు. ఒక బ్లాకు వెంట్రుకవాసి తొలగినా నాయిక పెదవి చెంపకు జరుగుతుంది. నీటిరంగులలో పలుచగా దిద్దిన ఛాయలు అచ్చులో మురికిగా మారే ప్రమాదం ఉంది. ఇన్ని అడ్డంకులు దాటి కూడ ఆయన నీలాలు, పసుపులు నేటికీ వెలగడం మాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆయన చిత్రాలలో లోపం లేదని మేము అనము. స్త్రీమూర్తులు కొన్ని చోట్ల అక్కచెల్లెండ్రవలె ఒకే పోలికతో ఉంటారు. ఆభరణాల భారం అప్పుడప్పుడు భావాన్ని అణచివేస్తుంది. కాని వెనుకనున్న కొండలను చూడండి. ఆ కొండలు మాకు మన్యపు దారిలోని కొండలుగానే తోస్తాయి. పురాణస్త్రీ నిలిచినది సైతం మన నేలమీదనే.

పాపయ్యగారు ప్రచారానికి ఆమడదూరంలో ఉండేవారు. ప్రదర్శనలకు, సన్మానాలకు వారి మనస్సు మొగ్గలేదు. చిత్రం మూలను వ.పా. అని రెండక్షరాలు వ్రాసి ఊరకుండేవారు. 1992 డిసెంబరు 30న వారు కన్నుమూశారు. చందమామ ఆగిపోయి కూడ దశాబ్దం దాటింది. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చోడవరం, కశింకోట రెండూ నేడు ఒకే పరిధిలోనివి.

కొంతకాలం క్రిందట మేము ఒక గ్రంథాలయంలో పాత యువ సంపుటం తెరిచాము. రంగుల బొమ్మ ఉండవలసిన చోట పుటను బ్లేడుతో కోసివేశారు. ఎదుటి పుటలోని కథ చెక్కుచెదరలేదు. కోసినవారిపై మాకు కోపం వచ్చిన మాట నిజమే. అయినను, ఆ బొమ్మ ఏ ఇంటి గోడమీదనో పటం కట్టించుకొని ఉంటుందని తోచి, కోపం కొంత తగ్గింది. ఇంట అటకమీద పాత చందమామ, యువ సంచికలున్న విద్యార్థులు వాటిని తూకానికి వేయక మునుపు ఒక్కసారి మాకు చూపితే సంతోషిస్తాము.