రెండు దినముల దారి, ఐదు దినముల దారి

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 20, 21 అధ్యాయములు



మన ప్రాంతపువారికి సముద్రము దూరము. సూర్యాపేటలో గాని కోదాడలో గాని పుట్టి పెరిగినవారిలో అనేకులు ఓడను కంటితో చూచియుండరు. అయినను మిర్యాలగూడకు దాపున, వాడపల్లియొద్ద మూసీ కృష్ణలో కలియుచోట, పుట్టిలో కూర్చుండి నీటిమీద పోయినవారు మనలో ఉన్నారు. గాలి తిరిగినప్పుడు పుట్టి ఎట్లు గిరగిర తిరుగునో, తెడ్డు పట్టినవాని చేతులు ఎట్లు లాగునో వారెరుగుదురు. ఆ అనుభవమును మనస్సున ఉంచుకొని, అపొస్తలుడైన పౌలు జీవితమును, అందులో ముఖ్యముగా ఒక వసంతకాలపు ఓడ ప్రయాణమును ఈ నెల ధ్యానింతము.

పౌలు కిలికియలోని తార్సు పట్టణమున యూదుల కుటుంబములో జన్మించెను. యెరూషలేములో గమలీయేలునొద్ద ధర్మశాస్త్రము నేర్చుకొనెను. డేరాలు కుట్టు పని ఆయనకు జీవనాధారము. మొదట సంఘమును హింసించినవాడే, దమస్కు మార్గమున ప్రభువును ఎదుర్కొన్న తరువాత ఆ ప్రభువునే ప్రకటించువాడాయెను. ఆ సేవలో ఆయన భూమిమీద ఎంత నడిచెనో నీటిమీద కూడ అంత శ్రమపడెను. ఓడ పగిలిపోవుట అనగానే మనకు మెలితే ద్వీపము జ్ఞాపకము వచ్చును. అయితే అంతకు కొన్ని సంవత్సరములు ముందే, కొరింథీయులకు రెండవ పత్రిక వ్రాయునాటికే, ఆయన ఎక్కిన ఓడలు మూడుమారులు పగిలిపోయెను. ఒక రాత్రియు ఒక పగలును ఆయన సముద్రములోనే గడిపెను. అట్టివాడు మరల ఓడ ఎక్కెననుట చిన్న సంగతి కాదు.

ఆ కాలపు ఓడలు గాలిని నమ్ముకొన్నవి. ఒక పెద్ద చతురస్రపు తెరచాప, వెనుక రెండు చుక్కాని తెడ్లు, ఇదియే సాధనము. ప్రయాణికులకై ప్రత్యేకమైన ఓడలు లేవు. సరకు ఓడలో చోటు దొరికినప్పుడు ఎక్కి, తమ భోజనము తామే తెచ్చుకొనవలెను. రోమా రచయిత వెగెటియస్ వ్రాసినదానినిబట్టి నవంబరు 11 మొదలు మార్చి 10 వరకు సముద్రము మూయబడినట్లే యెంచిరి. ఆ పిమ్మట మే నెల నడుమవరకు కూడ ప్రయాణము అపాయముతో కూడినదే. వసంతకాలమున గ్రీసు తీరమున దక్షిణపు గాలి మబ్బును వానను తెచ్చును, అంతలోనే ఉత్తరపు గాలి చలిగా వీచును. ఈ దినములలో తెరచాప పడవలపై ఆ తీరమున విహరించువారును వాతావరణ సమాచారము చూచుకొనియే లంగరు ఎత్తుదురు.

పౌలు మొదటిసారి ఆ జలములు దాటినది త్రోయనుండి. మాసిదోనియవాడొకడు దర్శనములో పిలువగా ఆయన ఓడ ఎక్కి, సమొత్రాకే ద్వీపమునకు తిన్నగా పోయి, మరునాడు నెయపొలి చేరెను. నేడది గ్రీసు దేశములోని కవాలా పట్టణము. సుమారు 200 కిలోమీటర్ల దూరము రెండు దినములలో గడిచెను. తరువాత ఆయన కొరింథులో నుండగా గల్లియోను అధిపతిగా ఉండెను. డెల్ఫీలో దొరికిన శిలాశాసనమువలన గల్లియోను అధికారము క్రీ.శ. 51, 52 ప్రాంతమునని తెలియుచున్నది. దానినిబట్టి లెక్కించి, ఈ మొదటి ప్రయాణము 50 ప్రాంతమునను, మనము ధ్యానించు రెండవ ప్రయాణము 57 ప్రాంతమునను జరిగెనని పలువురు పండితులు చెప్పుదురు.

ఈ రెండవమారు పౌలు చేతిలో ఒక బాధ్యత ఉండెను. యెరూషలేములోని బీద పరిశుద్ధులకొరకు అన్యజనుల సంఘములు చందా కూర్చెను. మాసిదోనియ సంఘములు తామే బీదవై యుండియు శక్తికి మించి ఇచ్చెను. కొరింథునుండి తిన్నగా సిరియకు ఓడ ఎక్కవలెనని పౌలు తలంచెను గాని, కొందరు తనకు కీడు తలపెట్టిరని తెలిసి, దారి మార్చి మాసిదోనియమీదుగా తిరిగి వచ్చెను. సోపత్రు, అరిస్తర్కు, సెకుందు, గాయియు, తిమోతి, తుకికు, త్రోఫిము ముందుగా వెళ్లి త్రోయలో కనిపెట్టుకొనియుండిరి.

పులియని రొట్టెల దినములైన తరువాత పౌలును లూకాయు ఫిలిప్పీనుండి బయలుదేరిరి. అదే సముద్రము, అదే దారి. వచ్చునప్పుడు రెండు దినములు పట్టిన ప్రయాణము, తిరిగి పోవునప్పుడు ఐదు దినములు పట్టెను. కారణము లూకా వ్రాయలేదు గాని గాలి అనుకూలింపలేదని గ్రహింపవచ్చును. పెంతెకొస్తునాటికి యెరూషలేము చేరవలెనని పౌలు ఆశ. త్రోయలో ఏడు దినములు గడచునప్పటికి ఇంక సుమారు 30 దినములే మిగిలెను.

అయినను ఆయన అక్కడి సంఘమును తొందరపడి విడువలేదు. మేడగదిలో అర్ధరాత్రివరకు ప్రసంగించుచుండగా ఐతుకు అను యౌవనస్థుడు నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిపోయెను. వానిని బ్రదికినవానిగా సంఘమునకు అప్పగించి, తెల్లవారువరకు మాటలాడి పౌలు బయలుదేరెను. తోడివారు ఓడమీద అగ్రమును చుట్టి అస్సునకు పోయిరి. ఆయన మాత్రము కాలినడకను వచ్చెను. అది సూర్యాపేటనుండి కోదాడ దూరముకంటె కొంచెము తక్కువ. రాత్రి నిద్రలేనివాడు అంత దూరము ఎందుకు నడిచెనో లూకా చెప్పలేదు. ముందున్న శ్రమనుగూర్చి దేవునితో ఏకాంతముగా మాటలాడవలసినవానికి అట్టి దారి అవసరమేమో.

అస్సులో ఓడ ఎక్కి మితులేనే, మరునాడు కీయొసు ఎదుట, ఆ మరునాడు సమొసు, తరువాత మిలేతు. రాత్రులు గాలి తరచుగా పడిపోవును గనుక తీరపు ఓడలు సాయంకాలము లంగరు వేసి, వేకువను తెరచాప ఎత్తుచుండెను. ఎఫెసులో దిగినయెడల ఆలస్యమగునని దానిని దాటిపోయి, పెద్దలను మిలేతునకే పిలిపించెను. కబురు పోయి వారు వచ్చుటకు రెండు మూడు దినములైనను పట్టియుండును. తన ముఖము వారిక చూడరని చెప్పగా వారందరు మెడమీద పడి ఏడ్చిరి. మోకాళ్లూని ప్రార్థించి ఓడవరకు సాగనంపిరి. అచ్చటినుండి తిన్నగా కోసు, మరునాడు రొదు, తరువాత పతర. అక్కడ వేరొక ఓడ ఎక్కి తూరునకు పోయిరి.

యెరూషలేములో సొమ్ము అప్పగింపబడెను, పౌలు పట్టబడెను. కైసరయలో రెండేండ్లు చెరలో ఉండి, రోమాకు పోవుచు మెలితేయొద్ద నాల్గవమారు ఓడ పగులుట చూచెను. నీరో చక్రవర్తి కాలమున రోమాలోనే ఖడ్గముచేత చంపబడెనని సంఘ సాంప్రదాయము చెప్పుచున్నది.

ప్రియులారా, రెండు దినములలో దాటించిన దేవుడే ఐదు దినములలోను దాటించెను. మొదటి దానిలో ఆయన ప్రీతి, రెండవ దానిలో ఆయన కోపము ఉన్నవని పౌలు ఎంచలేదు. మనమైతే సాగర్ ఎడమ కాలువ నీరు ఆలస్యమైన యేట, కుమార్తె సంబంధము తప్పిపోయిన నెల, దేవుడు మనయెడల ముఖము త్రిప్పుకొనెనని తలంతుము. అంతేకాదు, ఆ సంవత్సరమే మన చేయి ముడుచుకొనును. మంచి పంటనాడు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడెల్ల తీసిపెట్టిన గుప్పెడు బియ్యము, లేమి వచ్చినప్పుడు మొదట ఆగిపోవునది అదే.

పౌలు ఓడలో ఉన్నది లేమిలోనుండి తీసిన గుప్పెడే. ఎదురుగాలి వచ్చినదని ఆయన దానిని తిరిగి ఒడ్డునకు తేలేదు. మెల్లగానైనను చేరవలసినవారికి చేర్చెను. ఈ నెల మన యిండ్లలో ఏ గాలి వీచినను ఆ గుప్పెడు ఆగకుండునుగాక. మన పొరుగున మనకంటె బీదయైన విధవరాలు ఎవరో సంఘపెద్దలు విచారింతురుగాక.

ప్రార్థన: గాలిని సముద్రమును ఏలు ప్రభువా, దారి తిన్నగా సాగినప్పుడు గర్వింపకుండను, ఆలస్యమైనప్పుడు నిన్ను అనుమానింపకుండను మమ్మును కాపాడుము. మా చేతికిచ్చినదానిని బీదలకు చేర్చు నమ్మకత్వము మాకు దయచేయుము. ఆమేన్.